సంక్రాంతికి ఊరు వెళ్తూ కుక్కనూ పిల్లినీ ఎవరికి అప్పగించాలి?

మియాపూర్ మూడో అంతస్తు:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి మేము భీమవరం దగ్గర మా అత్తగారి ఊరికి 5 రోజులు వెళ్లవలసి ఉంది. ఇంట్లో 9 ఏళ్ల నాటుకుక్క భైరవుడు, 3 ఏళ్ల మగపిల్లి గుండు ఉన్నారు. భైరవుడికి మూర్ఛ జబ్బు ఉన్నందువల్ల ప్రతి 12 గంటలకూ ఫీనోబార్బిటోన్ మాత్ర పడి తీరాలి. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛలు తిరగబడతాయని డాక్టరు గారు గట్టిగా హెచ్చరించారు. వెంట తీసుకువెళ్దామంటే పండగ రద్దీలో విజయవాడ రోడ్డు మీద ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేము, పైగా ఆ ఊరి వీధికుక్కలు వాడిని గడప దిగనివ్వవు. ఇంటికి వచ్చి చూసుకునే సిట్టర్‌ను పెట్టుకోవాలా, డబ్బు తీసుకొని జంతువులను తమ దగ్గర ఉంచుకునే బోర్డింగ్‌లో విడిచిపెట్టాలా? బాగా జరిగిన సంగతి అందరూ చెబుతారు కనుక, మీకు ఎక్కడ తేడా వచ్చిందో ముఖ్యంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సీతమ్మధార వాసి:
తేడా వచ్చిన వాళ్లలో నేను ఒకణ్ణి. రెండేళ్ల క్రితం పెళ్లికని వెళ్తూ మా కుక్క చిట్టిని ఒక అమ్మాయికి అప్పగించాము. ఆ అమ్మాయికి జంతువులంటే ప్రాణం, ఇంట్లో రెండు కుక్కలను పెంచిన అనుభవమూ ఉంది. రెండో రోజు మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి గంట కొట్టాడు. ఆమె ఒక చేత్తో తలుపు తీసి, మరో చేత్తో చిట్టి మెడపట్టీ పట్టుకుంది. చిట్టి వెనక్కి నడిచింది. మెడపట్టీ చెవుల మీదుగా జారి ఆమె చేతిలో మిగిలిపోయింది, కుక్క మెట్లు దిగిపోయింది. మాతో ఉన్నప్పుడు పేరు పిలిస్తే ఆగే కుక్కే, కానీ మనం లేని ఇంట్లో కొత్త మనిషి దగ్గర మొదటి రెండు రోజులు అది మన కుక్క కాదు, భయపడుతున్న మరేదో కుక్క. ఆమె వెంటపడి పరుగెత్తిన కొద్దీ అది ఇంకా దూరం పోయింది. మరునాటి తెల్లవారుజామున రైతు బజార్ వెనుక బండ్ల కింద దొరికింది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. వీధి తలుపుకు ముందు మరో అడ్డు ఉండాలన్న ఆలోచన మాకు రావలసింది. ఇప్పుడు మేము ఎవరికి అప్పగించినా గ్రిల్ గేటుకు తాళం వేసే ఉంచమంటాము, పార్సిళ్లను వాచ్‌మన్ దగ్గర పెట్టిస్తాము, బయటికి తీసుకువెళ్లేటప్పుడు ఛాతీకి తొడిగే హార్నెస్, మెడపట్టీ రెండింటికీ తాడు కట్టిస్తాము. మెడ బిళ్ల మీద మా నంబరుతో పాటు సిట్టర్ నంబరు కూడా రాయిస్తాము, ఎందుకంటే ఆ రోజు కుక్కను చూసిన ఒక పెద్దాయన మాకు చేసిన ఫోను కల్యాణ మండపం హోరులో వినిపించనే లేదు. ఇంకొక మాట. చర్మం కింద పెట్టించిన మైక్రోచిప్ ఉంది కదా అని ధీమా వద్దు. అది కుక్క ఎక్కడుందో చెప్పే యంత్రం కాదు. స్కానర్ పెట్టి చదివితే కనబడే 15 అంకెల సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య పక్కన నమోదైన ఫోన్ నంబరు పాతదైతే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

గుంటూరు పగ్ నాన్న:
మేము దీపావళికి బోర్డింగ్‌లో విడిచాము. స్థలం శుభ్రంగానే ఉంది, కానీ ఇంటికి తెచ్చిన నాలుగో రోజు నుంచి ఎముక ముక్క గొంతులో ఇరుక్కున్నట్లు పొడి దగ్గు మొదలైంది. కెన్నెల్ కాఫ్ అని తేలింది. పది కుక్కలు ఒకచోట ఉన్నప్పుడు గాలి ద్వారా ఇట్టే అంటుకుంటుందట. దానికి టీకా ఉంది, అయితే బయల్దేరే ముందు రోజు వేయించి ప్రయోజనం లేదు; కనీసం రెండు వారాల ముందు వేయించాలి. పిడుదుల మందు కూడా ముందే పట్టించండి. టీకా పుస్తకం అడగకుండానే మీ కుక్కను చేర్చుకున్నారంటే మిగతా కుక్కలను కూడా అలాగే చేర్చుకొని ఉంటారని అర్థం చేసుకొని వెనక్కి తిరిగి రండి.

రెండు పిల్లుల ఇల్లు:
పిల్లిని మాత్రం దయచేసి ఎక్కడికీ తరలించకండి. కుక్కకు మనిషి ముఖ్యం, పిల్లికి చోటు ముఖ్యం. గుండు మగపిల్లి కనుక సిట్టర్‌కు ఒక్క పని తప్పకుండా అప్పగించండి: లిట్టర్ ట్రేలో, అంటే పిల్లి మలమూత్రాలకు వాడే మట్టి పళ్లెంలో, మూత్రంతో గట్టిపడిన ఉండలను రోజూ లెక్కపెట్టడం. మగపిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి కూర్చోవడాన్ని చూసి మలబద్ధకమని పొరబడతారు. రెండు రోజులు ఏమీ తినకపోయినా ఆగకూడదు, కాలేయం దెబ్బతింటుంది. "పిల్లి మంచం కింద దాక్కుంది, అందుకే కనబడలేదు" అనే జవాబును ఒప్పుకోకండి. రోజుకొకసారి కంటితో చూసి ఫొటో పంపమనండి. భైరవుడికి వాడే పిడుదుల మందును గుండుకు రాయకూడదని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. కుక్కల మందుల్లో కొన్నింటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లులకు విషం. జ్వరంగా ఉందని జాలిపడి పారాసెటమాల్ ఇచ్చినా అంతే.

నేనే సిట్టర్‌ని:
నాలుగేళ్లుగా హైదరాబాదులో ఈ పని చేస్తున్నాను కనుక అటువైపు నుంచి చెబుతాను. మాకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది "మా వాడు ఎవరినీ ఏమీ అనడండీ" అనే మాట. ఒక ఇంట్లో గిన్నె జరిపినందుకు నా మణికట్టు కరిచిన తరువాత, "అవును, తింటున్నప్పుడు ముట్టుకుంటే ఊరుకోడు" అని ఫోనులో తీరిగ్గా చెప్పారు. సబ్బు పెట్టి కొళాయి ధార కింద పావుగంట కడుక్కొని, కుక్కకాటు టీకా వేసే ప్రభుత్వ సంస్థ, నారాయణగూడ ఐపీఎంకు వెళ్లి సూది వేయించుకున్నాను. కుక్క కరుస్తుందని చెబితే మేము మానేస్తామని మీరు భయపడతారు, చెప్పకపోతేనే మానేస్తాము.

రెండవది కాగితం. "అత్యవసరమైతే ఫలానా డాక్టరు దగ్గర చికిత్స చేయించండి, ఇంత మొత్తం వరకు నన్ను అడగనక్కరలేదు" అని సంతకం చేసి, కొంత డబ్బు ముందే ఇచ్చి వెళ్లండి. కనుమ నాడు ఆ డాక్టరు ఉంటారో లేదో కనుక్కొని, లేకపోతే రాత్రి కూడా తెరిచి ఉండే మరో ఆసుపత్రి పేరు కింద రాయండి.

మూడవది భైరవుడి మాత్రలు. సీసా మొత్తం చేతికి ఇవ్వకండి. 5 రోజులకు 10 చిన్న కవర్లు చేసి, ఒక్కొక్కదాని మీద తేదీ, పూట రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. వేసిన తరువాత ఖాళీ కవరు ఫొటో పంపమనండి. ఒక పూట మాత్ర తప్పితే ఏం చేయాలో డాక్టరును ముందే అడిగి, ఆ జవాబును కూడా అక్కడే రాసి పెట్టండి. మూర్ఛ అయిదు నిమిషాలు దాటితే ఎవరి అనుమతి కోసమూ ఎదురు చూడకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.

కెమెరా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఎక్కడ పెట్టారో చెప్పండి, అంతే.

నెల్లూరు పిచ్చుకమ్మ:
పక్షులున్నవారికి చిన్న మాట. నాన్‌స్టిక్ పెనాన్ని పొయ్యి మీద పెట్టి మరిచిపోతే వచ్చే పొగ మనకు తెలియకుండానే పక్షుల ప్రాణం తీస్తుంది. మా కాకటీల్ చిలుకను చూసుకోవడానికి ఎవరు వచ్చినా ఇనుప పెనం ఒక్కటే బయట ఉంచి, మిగతావి అలమరలో పెట్టి తాళం వేస్తాను.

మియాపూర్ మూడో అంతస్తు:
అందరికీ ధన్యవాదాలు. ఇద్దరినీ ఇంట్లోనే ఉంచి, రాత్రిళ్లు కూడా ఉండే సిట్టర్‌ను మాట్లాడుకున్నాము. మీ మాటలు చదివాక ముందుగా ఒక రాత్రి పరీక్షగా పెట్టి, మేము పక్క వీధిలో మా చెల్లెలి ఇంట్లో పడుకున్నాము. పెరుగన్నంలో మాత్ర పెట్టానని ఆయన ఖాళీ కవరు ఫొటో పంపారు, గిన్నె కూడా ఖాళీ అయింది. పొద్దున వచ్చి ఇల్లు ఊడుస్తుంటే సోఫా కింద ఆ మాత్ర తెల్లగా, కొంచెం నాని, చెక్కుచెదరకుండా దొరికింది. ఆయన అబద్ధం చెప్పలేదు, భైరవుడే అందరినీ మోసం చేశాడు. మా చేతిలో అయితే ఎప్పుడూ ఇలా చేయలేదు.

నేనే సిట్టర్‌ని:
అన్నంలో కలపవద్దని చెప్పండి. ఉడికించిన గుడ్డు పచ్చసొనను మూడు ముక్కలు చేసి, మొదటిది ఖాళీగా, రెండవది మాత్రతో, అది మింగీ మింగకముందే మూడవది చూపిస్తూ పెట్టాలి. మూడవ దాని ఆశలో రెండవదాన్ని నమలకుండా మింగేస్తాడు. తరువాత ఒక నిమిషం వాడి దగ్గరే కూర్చోమనండి. బయల్దేరేలోగా ఇంకొక రాత్రి పరీక్ష పెట్టి, మళ్లీ సోఫా కింద చూడండి.