అప్‌డేట్: తిండి ముట్టని కాకటీల్ పిల్ల ఇప్పుడు తింటోంది

మూడు వారాల క్రితం అడిగాను కదా, పది వారాల కాకటీల్ (తలమీద కుచ్చు ఉండే చిన్న చిలుక జాతి పక్షి) పిల్లను తెచ్చి నాలుగు రోజులైనా గింజ ముట్టడం లేదని, రాత్రిళ్లు ఉన్నట్టుండి రెక్కలు టపటపా కొట్టుకుని బెదిరిపోతోందని. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పక్షుల డాక్టర్‌కి చూపించమన్నవాళ్ల మాటే కరెక్ట్. రెట్ట పరీక్షలో జబ్బేమీ తేలలేదు. అసలు సంగతేమిటంటే, చేతిమేత (మనుషులు చేత్తో పట్టే మేత) పూర్తిగా మానకముందే మాకు అమ్మేశారు, పాపం దానికి గింజ వలుచుకోవడమే సరిగా రాదు. డాక్టర్ గారు రోజుకు రెండుసార్లు ఫార్ములా (పక్షి పిల్లలకు కలిపి పట్టే మేత) మళ్లీ మొదలుపెట్టమని, సిరంజితో ఎలా పట్టాలో చేసి చూపించారు. రోజూ పొద్దున్నే కిచెన్ స్కేల్ మీద తూస్తున్నాను, 72 గ్రాములున్నది 84కి వచ్చింది.

పంజరంలో కొర్ర కంకి కట్టమన్న సలహా బాగా పనిచేసింది. మొదటిరోజు ఒక్కో గింజ నాలుకతో తిప్పి తిప్పి పొట్టు వలుస్తుంటే, ఆ పొట్టు రాలడం చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను. ఇంకో మాట, గిన్నె నిండుగా కనిపించినా పైనున్నదంతా ఉత్త పొట్టే కావచ్చు, ఊదేసి చూడండి.

రాత్రి బెదురుకు చిన్న నైట్‌ల్యాంప్ చాలింది, కాకటీల్స్‌లో అది మామూలేనట. విటమిన్ చుక్కలు, తోడుకి ఇంకో పిల్ల, రెండూ అవసరం పడలేదు.

నిన్న సాయంత్రం తనంతట తానే నా వేలెక్కింది.