పాత చెక్క పడవల పోటీకి మార్కులు ఎలా వేయాలి?

అందరికీ నమస్కారం. మాది తాళ్లరేవు వైపు. సంక్రాంతికి ఊళ్లో పాత చెక్క పడవల ప్రదర్శన పెట్టి బహుమతులు ఇద్దామనుకుంటున్నాం. మార్కులు వేసే పని నా మీద పడింది, అదే టెన్షన్.

అమెరికాలో యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ వాళ్లు 1919–1942 మధ్య కట్టినవి యాంటిక్, 1943–1975 మధ్యవి క్లాసిక్ అంటారు. డెక్కులోనూ, నీటికి పైన కనిపించే పక్క చెక్కల్లోనూ కనీసం 60 శాతం అసలువే ఉంటే 'ప్రిజర్వ్‌డ్' (అసలు రూపు నిలుపుకున్నది) కింద లెక్క.

మన కాలవ పడవలు ఏ ఏడాది కట్టారో ఎవరు రాసిపెట్టారు? పైగా ఇవి పాడైన చెక్క మార్చుకుంటూ రోజూ వాడినవి, షెడ్డులో దాచినవి కావు. మేకులు, అతుకులు చూసి వయసు పట్టగల వడ్రంగులు ఎవరైనా తెలుసా? చెక్క మార్చినందుకు మార్కులు తగ్గించాలా, పనితనానికి కలపాలా? నాకైతే కలపాలనే ఉంది. ఊళ్లో తగువు రాకుండా ఓ దారి చెప్పండి బాబూ.