బుడమేరు నీటిలో మునిగిన తాతగారి .315 రైఫిల్‌ను మళ్లీ కాల్చవచ్చునా?

సింగ్ నగర్ వాసి, విజయవాడ

పెద్దలందరికీ నమస్కారం. మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో ఒక .315 బోల్టు రైఫిల్ ఉన్నది. లైసెన్సు ఇప్పుడు మా నాన్నగారి పేరున ఉన్నది. తాతగారు మాచర్ల దగ్గర సేద్యం చేసే రోజులలో చేలమీద పడే అడవిపందుల కోసం దానిని కొన్నారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది బీరువాకే పరిమితమయింది. 2024 ఎన్నికలకు ముందు ఠాణాలో జమ చేసి, ఫలితాలు వచ్చాక తిరిగి తెచ్చుకుని బీరువా అడుగు అరలో పెట్టాము. సెప్టెంబరు 1న బుడమేరు మా పేటను ముంచెత్తినప్పుడు పడవలో బయటపడి గుంటూరులో మేనత్తగారింటికి చేరిన మాకు ఆ రైఫిల్ గుర్తుకు రావడానికే రెండు రోజులు పట్టింది. తిరిగి వచ్చి బీరువా తెరిచేసరికి వారం గడిచింది.

ఆ గాభరాలో గుడ్డతో తుడిచి, ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పట్టించాము. ఇప్పటికి రెండు నెలలయింది. పైకి నిగనిగలాడుతున్నది గాని బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) బిగుసుకుపోయింది, గొట్టంలోకి టార్చి వేస్తే ఎర్రటి పొడి కనిపిస్తున్నది. మా బావ దీనిని ఆటోనగర్‌లో తెలిసిన లేతు షాపుకు తీసుకువెళ్లి, ఎమరీ కాగితం పట్టించి, బఫింగ్ (చక్రం మీద మెరుగు) చేసి నల్లరంగు వేయిద్దామంటున్నాడు. సైన్యపు త్రీనాట్‌త్రీని పోలి ఉన్న ఈ రైఫిల్‌ను బాగుచేసే సరైన పద్ధతి ఏమిటో, రేంజిలో నాన్నగారి చేత మళ్లీ కాల్పించగలమో లేదో తెలిసినవారు చెప్పగలరు. దానితోపాటు 12 తూటాలు కూడా తడిశాయి.

బెజవాడ కుర్రాడు

మా మామయ్యగారి 12 బోరు తుపాకికి మేము అలాగే బఫింగ్ చేయించాము. అద్దంలా వచ్చింది. ఇంత ఆలోచన దేనికండీ?

పాత ఆర్మరర్, గుంటూరు

సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అద్దంలా రావడమే ఇక్కడి ప్రమాదం, బాబూ. పాత రైఫిల్‌కు బఫింగ్ చక్రం తగిలితే ముందుగా పోయేవి దాని మీది ముద్రలు, అంకెలు. లైసెన్సు పుస్తకంలో రాసిన నంబరు రైఫిల్ మీద చదవడానికి వీలులేకుండా పోతే ఏమవుతుందో కింద వకీలుగారు ఎవరైనా చెబుతారు. బోల్టు వెనుక లాకయ్యే ముఖాలను ఎమరీతో అరగదీస్తే అది అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే ఆ ముఖాలు బాడీలో సరిగ్గా ఆనేట్లు ప్రతి రైఫిల్‌కు విడివిడిగా సరిచేసినవి. అందుకే బోల్టు పిడి మీద, బాడీ మీద ఒకే నంబరు ఉన్నదో లేదో మొదట చూడండి.

పోలిక విషయంలో మీరు సరిగ్గానే గమనించారు. మన .315 స్పోర్టింగ్ రైఫిల్‌ది బ్రిటిష్ సైన్యపు త్రీనాట్‌త్రీ అయిన లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగమే. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి చేరకూడదని బ్రిటిష్ ప్రభుత్వం కట్టడి చేసిన తరువాత, అదే యంత్రాంగానికి ఆస్ట్రియా మాన్‌లిచర్ 8 మిల్లీమీటర్ల తూటాను అమర్చి పౌరులకు అమ్మారు. ముందు ఇంగ్లండులో బీఎస్ఏ సంస్థ, తరువాత బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ వీటిని తయారుచేశాయి. కాబట్టి 1907లో వచ్చిన సైనిక రైఫిల్‌ను విప్పేటప్పుడు పాటించే జాగ్రత్తలే దీనికీ వర్తిస్తాయి.

విప్పడంలో అందరూ చేసే తప్పు ఒకటున్నది. బట్టు (భుజానికి ఆనే వెనుక చెక్క) లోపల దానిని బాడీకి బిగించే పొడవైన బోల్టు ఒకటి ఉంటుంది. ఆ సైనిక రైఫిల్‌లో దాని కొస చతురస్రంగా ఉండి, ముందు చెక్క (గొట్టం కింద ఉండే చెక్క) వెనుక భాగంలోని చిన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్కను తీయకుండా బట్టు బోల్టును తిప్పారంటే ఆ కొస తిరిగి చెక్కను నిలువునా చీలుస్తుంది. చీలిన శబ్దం వినిపించాక చేయగలిగిందేమీ ఉండదు. కనుక ముందు చెక్క మొదట, బట్టు తరువాత. మీ రైఫిల్‌లో ఆ ఏర్పాటు లేకపోయినా ఈ వరుస తప్పవద్దు.

కొబ్బరినూనె మీ దోషమేమీ కాదు, చేతికందినది పూశారు. అయితే అది చలికి గడ్డకడుతుంది. మీ బోల్టు బిగుసుకోవడానికి తుప్పు కంటే అదే ఎక్కువ కారణం కావచ్చు. కిరసనాయిల్‌లో ఒక పూట నానబెట్టి తుడిస్తే తేలిపోతుంది. ఆ తరువాత పలుచని యంత్రం నూనె పూసి, అతి సన్నని స్టీల్ ఊలుతో బరువు వేయకుండా రుద్దండి. మొండి చోట్ల ఇత్తడి ముక్క అంచుతో గీకండి. ఇత్తడి ఉక్కుకంటే మెత్తన గనుక తుప్పు రాలుతుంది గాని గీత పడదు. గొట్టానికి ఛాంబరు (తూటా కూర్చునే చోటు) వైపు నుంచే పుల్‌త్రూ (గుడ్డ కట్టిన తాడు) లాగండి. మూతి దగ్గర తాడు ఒకే అంచుకు రాసుకుంటూ పోతే ఆ చోట అరిగి గురి చెడుతుంది.

ఆ 12 తూటాలను మాత్రం ఎవరూ కాల్చవద్దు. తడిసిన మందు సగం మండితే గుండు గొట్టం మధ్యలో ఆగిపోతుంది, బయటికి చిన్న టప్ మన్న చప్పుడు తప్ప ఏమీ తెలియదు. ఆ సంగతి గమనించక రెండో తూటా పేలిస్తే గొట్టం పగులుతుంది.

వకీలు, గవర్నర్‌పేట

పై పెద్దాయన వదిలిన విషయం అందుకుంటున్నాను. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం అమ్మకానికీ తయారీకీ మాత్రమే కాదు, తుపాకుల మరమ్మతు వృత్తికీ లైసెన్సు కావాలి. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లను నిద్రలో కూడా విప్పగల మేస్త్రీలున్నారు, అయినా ఆ లైసెన్సు లేనివారి చేతికి రైఫిల్ ఇస్తే వారితోపాటు మీరూ చిక్కులో పడతారు. గుర్తింపు నంబరు చెరిగిపోవడం విడిగా మరో నేరం కిందికి వస్తుంది.

మీ నాన్నగారు స్వయంగా రాలేకపోతే వారి లిఖితపూర్వక అనుమతితో మీరు ఆ రైఫిల్‌ను మరమ్మతుకు గాని, లైసెన్సు రెన్యువల్‌కు గాని తీసుకువెళ్లవచ్చునని 3వ సెక్షన్‌లోనే ఉన్నది. ఆ కాగితం, లైసెన్సు పుస్తకం దగ్గర ఉంచుకోండి. తడిసిన తూటాలు నాన్నగారి లైసెన్సు మీద కొన్నవి గనుక కాలువలో పారవేయవద్దు. ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోండి. విజయవాడలో లైసెన్సు అధికారం పోలీసు కమిషనర్‌ది, గుంటూరులో కలెక్టర్‌ది. మేనత్తగారి ఊరిలో పని జరిపించాలనుకుంటే ఈ తేడా గుర్తుంచుకోండి.

తెనాలి నుంచి టెక్సాస్

నేను పుట్టింది తెనాలిలో, ఉద్యోగం టెక్సాస్‌లో. ఇక్కడి చట్టం వేరు గనుక పాత సైనిక రైఫిళ్లు కొని కాల్చే అలవాటు పడింది. నా మొదటి లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4తో చేసిన పొరపాటు మీకు పనికివస్తుందని రాస్తున్నాను. చవకగా దొరికిన పాత సైనిక తూటాలు కాల్చి, ఇంటికి వచ్చి గొట్టానికి శ్రద్ధగా నూనె పట్టించి పెట్టాను. వారం తిరిగేసరికి గొట్టం లోపల నారింజ రంగు పూత పూసింది. ఆ తూటాల ప్రైమరు (మందును అంటించే చిన్న టోపీ)లోని పొటాషియం క్లోరేటు మండిన తరువాత ఉప్పుగా మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఉప్పు నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. ముందు వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తరువాత నూనె పూయాలని అప్పుడు తెలిసింది.

వరద నీటి సంగతీ అంతే. బురద, డ్రైనేజి లవణాలు సందులలో ఉండగా పైన నూనె పూస్తే వాటిని భద్రంగా దాచిపెట్టినట్లవుతుంది. కాబట్టి కిరసనాయిల్ పని అయ్యాక, చెక్క పూర్తిగా తీసేసి, ఇనుప భాగాలను మరిగే మంచినీటితో ఒకసారి కడిగించండి. ఉక్కు వేడెక్కి ఉంటుంది గనుక తనంతట తానే ఆరుతుంది. చిన్న భాగాలను డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట మరిగిస్తే పైనున్న ఎర్రతుప్పు నల్లగా మారి అంటుకుంటుంది. స్టీల్ ఊలుతో తేలికగా రుద్దితే పాత నలుపు చాలావరకు తిరిగి కనిపిస్తుంది. రంగు డబ్బా అవసరం పడదు.

చెక్కను మాత్రం ఎండలో పెట్టవద్దు, గుంటూరు ఎండలో అయితే అసలే వద్దు. నీడలో, గాలి తగిలేచోట ఉంచి, వారానికొకసారి వంటింటి త్రాసు మీద తూచండి. బరువు తగ్గడం ఆగినప్పుడు ఎండినట్లు లెక్క. అప్పుడు పచ్చి అవిసెనూనె పలుచగా, రోజుకొక పూత పట్టించండి. తడితో ఉబ్బిన చెక్కను అలాగే బిగిస్తే గొట్టాన్ని ఒక పక్కకు నెడుతుంది, లేదా వెనక్కి తన్నే దెబ్బను మోసే చోట పగుళ్లిస్తుంది.

ఒకవేళ కాల్చే రోజు వస్తే గురి ఎలా ఉందని చూడకండి, పేలిన తూటా ఖాళీ కేసును (ఇత్తడి తొడుగును) చూడండి. సైనిక లీ ఎన్‌ఫీల్డ్‌ల ఛాంబర్లు బురద అంటిన తూటా కూడా పట్టేట్లు కాస్త వదులుగా ఉంటాయి, బోల్టు వెనుక భాగంలో లాకవుతుంది. అందువల్ల కేసు అడుగుకు కొంచెం పైన సాగి, సన్నని మెరుపు గీత పడుతుంది. ఆ గీత స్పష్టంగా కనబడితే అక్కడితో ఆపి, ఛాంబరు కొలత గేజీతో తీయించాలి.

సింగ్ నగర్ వాసి, విజయవాడ

ముగ్గురికీ కృతజ్ఞతలు. తమ్ముడు బెజవాడ కుర్రాడు ఏమీ అనుకోవద్దు, మీరు చెప్పిన దారిలోనే మా బావ కూడా ఉన్నాడు.

తూటాలు ఠాణాలో అప్పగించి రసీదు తీసుకున్నాము. నాన్నగారి ఉత్తరంతో లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరకు వెళ్లాను, ఆయన నా కళ్లముందే ముందు చెక్క విప్పారు. పైన కొబ్బరినూనెతో మెరుస్తున్న గొట్టానికి అడుగున చెక్క గాడి పొడవునా ఎండిన బుడమేరు బురద గోరుమందాన పట్టి ఉన్నది, దానిని ఎత్తితే కింద ఎర్రగా గుంతలు. గొట్టం లోపల గాడులు చాలావరకు నిలిచాయి గాని ఛాంబరు నోటి దగ్గర రెండు చోట్ల గుంతలు పడ్డాయి. గేజీ పెట్టి చూసి, మరమ్మతు పూర్తయ్యాక ఆయనే తాడు కట్టి దూరం నుంచి పరీక్షించిన తరువాతే కాల్చే మాట అన్నారు. బోల్టు, బాడీ నంబర్లు ఒక్కటే. ఆ మాట వినగానే నాన్నగారు తనను మెచ్చుకున్నంత సంతోషపడ్డారు.

ముందు చెక్క ఇప్పుడు మా మేనత్తగారింట్లో దేవుడి గది పక్కన నీడలో ఉన్నది. మొదటి వారం 468 గ్రాములు, రెండో వారం 441, నిన్న 436 తూగింది. రెండు వారాలు వరుసగా ఒకే అంకె వచ్చాక అవిసెనూనె మొదలుపెడతాను.