రెయిన్‌ఫారెస్ట్ ట్రిప్‌కి టికెట్లు తీసేశారు, నాకేమో బల్లిని చూసినా గుండె దడ

మర్రిపాలెం_అమ్మాయి

అందరికీ నమస్కారం. వేసవి సెలవులకి మా ఆయనా, మా ఆడపడుచు వాళ్లూ కలిసి మలేసియా ప్లాన్ చేశారు. కౌలాలంపూర్, షాపింగ్ వరకూ నాకూ హుషారే. కానీ మధ్యలో తమన్ నెగారా అని ఒక పెద్ద అడవి పెట్టారు. నది పక్కన కాటేజీల్లో ఉండటం, పగలు అడవిలో నడక, రాత్రి టార్చ్‌లైట్లు పట్టుకుని ఇంకో నడక. ఇదంతా డబ్బు కట్టేశాక నాకు చెప్పారు.

నా సంగతేంటంటే, బాత్రూమ్ గోడ మీద బల్లి ఉంటే అది పోయేదాకా స్నానం మానేసే రకం నేను. పాము అన్న మాట వినిపిస్తే కాళ్లు సోఫా మీదకి వెళ్లిపోతాయి. టికెట్లు తీసిన దగ్గర్నుంచి రాత్రిళ్లు ఫోన్‌లో అడవి వీడియోలు చూడటం, చూసిన కొద్దీ టెన్షన్ పెరగటం, ఇదే పని. కొండచిలువ మేకను మింగేది కూడా పూర్తిగా చూశాను. మా ఆయన "ఏమీ కాదులే" అంటారు, ఆ మాటకి ఇంకా ఒళ్లు మండుతుంది. అన్నిటికంటే బాధ ఏంటంటే మా పాప రెండో తరగతి, నన్ను చూసి అదీ మొదలుపెట్టింది, మొన్న బొద్దింక కనబడితే నాకంటే గట్టిగా అరిచింది.

రానంటే ఇంట్లో గొడవ. వెళ్తే గదిలోకి ఏమేం వస్తాయి? జలగలు నిజంగా అన్ని ఉంటాయా? రాత్రి నడకకి వెళ్లకుండా గదిలో ఒక్కదాన్నే ఉండటం మేలా, వాళ్లతో పోవటం మేలా? తెలిసినవాళ్లు చెప్పండి. "ధైర్యం తెచ్చుకో" అని మాత్రం రాయొద్దు ప్లీజ్.

కంబాలకొండ_పిట్టలు

ముందు ఆ వీడియోలు ఆపేయండి మేడమ్. అవి ఎవరో నెలల తరబడి కాపు కాసి తీసినవి, మీ నడకలో అలాంటివి వరసగా ఎదురవుతాయనుకోవద్దు. రెయిన్‌ఫారెస్ట్‌కి మొదటిసారి వెళ్లినవాళ్ల ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే, "ఏమీ కనబడలేదండీ" అని. తమన్ నెగారా 4,343 చదరపు కిలోమీటర్లు, ఆకుల మధ్య పది అడుగుల అవతల ఏముందో తెలియనంత దట్టం, పెద్ద జంతువులకి మన అడుగుల చప్పుడు మనకంటే ముందే తెలుస్తుంది, తప్పుకుంటాయి. మలయా పులులైతే అడవుల్లో మొత్తం కలిపి 150 కూడా లేవని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. మీకు పులి కనబడితే ఆ గైడ్ మీకంటే ముందు ఫోన్ తీస్తాడు.

కనబడకపోయినా వినబడతాయి, భయస్తులకి అసలు పరీక్ష అదే. సాయంత్రం కాగానే కీచురాళ్లు రంపంతో కోసినట్టు మొదలుపెడతాయి, పొద్దున్నే గిబ్బన్లు అనే తోకలేని వానరాలు దూరం నుంచి కూతలు వేస్తాయి, టొకే అని ఒక పెద్ద బల్లి తన పేరు తనే పిలుచుకుంటుంది (సారీ, బల్లే). వీటి ఆడియోలు ఇప్పుడే మీరూ పాపా కలిసి వినండి, ఏది ఎవరి గొంతో పాప చేత చెప్పించండి. అక్కడ అర్ధరాత్రి అదే అరుపు వినబడితే "ఆ, ఇది టొకే" అని పక్కకి తిరిగి పడుకుంటారు.

పాముల గురించి ఒకే జాగ్రత్త, చెయ్యి వేసే ముందు చూడటం. అక్కడి పచ్చ పింజర్లు కొమ్మ మీద గంటల తరబడి కదలకుండా ఉంటాయి, అడుగు జారినప్పుడు పక్కనున్న కొమ్మ చూడకుండా పట్టుకున్నారా, అదీ ప్రమాదం. అవి వెంటపడి వచ్చి కరిచే బాపతు కాదు. బాట దిగకండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, పడిపోయిన మాను దాటేటప్పుడు అవతలి వైపు చూసి కాలు పెట్టండి.

గోపాలపట్నం_రిటైర్డ్

ఎందుకమ్మా డబ్బిచ్చి మరీ భయపడటం? అరకు వెళ్లండి, అనంతగిరిలో కాఫీ తాగండి, బొర్రా చూసి రాత్రికి ఇంటికి వచ్చేయండి. మా రోజుల్లో అడవిని చూసి భయపడటం బుద్ధి ఉన్నట్టు లెక్క.

కంబాలకొండ_పిట్టలు

బాబాయ్ గారూ, ప్రపంచంలోకెల్లా పొడవైన విషసర్పం మన తూర్పు కనుమల్లోనే ఉంది. మాడుగుల, చీడికాడ వైపు తోటల్లోకి ఆ గిరినాగు (కింగ్ కోబ్రా) వస్తే పట్టుకుని అడవిలో వదిలారని వార్తలు మీరూ చదివే ఉంటారు. వైజాగ్ పక్కనే ఉన్న మన కంబాలకొండ అడవిలో చిరుతలున్నాయి, హైవేకి అటూ ఇటూ మనం అపార్ట్‌మెంట్లు కట్టుకుని హాయిగా నిద్రపోతున్నాం. ఆవిడ ఇప్పటికే వన్యప్రాణుల పక్కన కాపురం ఉంటున్నారు, చెబితే కంగారుపడతారని ఎవరూ చెప్పలేదు.

గోపాలపట్నం_రిటైర్డ్

ఇప్పుడు నాక్కూడా నిద్ర పట్టదు.

జలగల_బాధితుడు

జలగల సంగతి నేను చెబుతా, నేను వెళ్లింది కర్ణాటకలోని ఆగుంబె అడవికి, అదీ ఆగస్టులో. తమన్ నెగారాలో నవంబరు నుంచి జనవరి దాకా వానలు దంచికొడతాయి, మీరు వెళ్లేది వేసవి కాబట్టి కొంత నయం, కానీ అసలు ఉండవని చెప్పను, వాన పడ్డ మర్నాడు ఉంటాయి.

జలగ అంటే చెరువులో లావుపాటిది ఊహించుకోకండి. ఇది అగ్గిపుల్లంత, తడి ఆకు మీద తోక ఆనించి నిటారుగా నిలబడి తలని గాల్లో అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. మన అడుగుల అదురు, ఒంటి వేడి, వదిలే ఊపిరి పసిగట్టి ఇటు తిరుగుతుంది. బూటు ఎక్కి, లేసుల సందులోంచి లోపలికి దూరటానికి చూస్తుంది. కరిచినట్టు చాలాసార్లు తెలియనే తెలియదు. ఊడదీయాలంటే సన్నగా ఉన్న చివర, అదే నోరు, దాని పక్కన చర్మం మీద గోరు ఆనించి అలా జరిపేయటమే. తర్వాత రెండో చివర. ఉప్పు చల్లటం, సిగరెట్‌తో కాల్చటం అందరూ చెబుతారు, వద్దు, అంటుకుని ఉండగా అలా చేస్తే కడుపులోది గాయంలోకి కక్కేస్తుంది. ఊడదీశాక రక్తం చాలాసేపు కారుతూనే ఉంటుంది, గంటలు కూడా పట్టొచ్చు, అది రక్తం గడ్డకట్టనీయని జలగ లాలాజలం పని. చూడటానికి ఘోరంగా ఉంటుంది, పోయేది మాత్రం కాస్తే. సబ్బుతో కడిగి, దూది నొక్కి పట్టుకుని, బ్యాండేజ్ వేసుకుంటే చాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ముందే డాక్టర్‌ని అడగండి.

లీచ్ సాక్స్ కొనండి, మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ సాక్సులు, ప్యాంటు అంచుని వాటిలోకి దోపేయాలి. లేత రంగువి తీసుకుంటే ఎక్కేది ఎక్కుతున్నట్టే కనబడుతుంది.

వార్డు_డ్యూటీ

నేను నర్సుని. అందరూ పులీ పామూ అంటున్నారు, నా లెక్కలో ముందు దోమ, తర్వాత కోతి.

మలేసియాలో డెంగీ బాగా ఉంది. అడవి వైపు కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకి వచ్చే ఒక రకం మలేరియా కూడా ఉంది. దోమల్ని దగ్గరకి రానీయని డీట్ అనే మందు ఉన్న క్రీము, పొడుగు చేతులు, సాయంత్రం తలుపులు మూసి ఉంచటం. వచ్చాక జ్వరం తగిలితే "మలేసియా అడవికి వెళ్లొచ్చాం" అని డాక్టర్‌కి మొదటే చెప్పండి. కోతుల విషయం వైజాగ్‌వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, సింహాచలంలో ప్రసాదం సంచి ఎలా దాస్తారో అక్కడ బిస్కెట్ ప్యాకెట్ అలాగే. కళ్లలోకి చూడొద్దు, పళ్లు కనబడేలా నవ్వొద్దు, వాటికి అది బెదిరింపు. కరిచినా గీరినా సబ్బూ నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

పాము కాటు వేయటం అరుదు, వేస్తే మాత్రం బిగించి కట్టు కట్టటం, కోయటం, పీల్చటం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి తీసుకెళ్లటమే. పెద్ద ఆస్పత్రి జెరాంటుట్‌లో, గంటకు పైగా రోడ్డు. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇక్కడి నుంచి విరుగుడు మందు పట్టుకెళ్దామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, మన మందు మన పాములకి చేసింది.

ఇక మీ భయం. తప్పించుకున్న కొద్దీ అది పెరుగుతుంది, ఒక్కసారిగా మీద పడేసినా పెరుగుతుంది. మెట్టు మెట్టుగా వెళ్లాలి. ఇంకా టైముంది కదా, ఈ వారం బల్లి ఉండగానే గుమ్మం దగ్గర నిలబడండి, గుండె దడ తగ్గేదాకా కదలకండి, తగ్గుతుంది. అది అలవాటయ్యాక లోపలికి వెళ్లి ముఖం కడుక్కోండి. తర్వాత పాపని తీసుకుని జూకి, ఆపైన ఒక ఆదివారం పొద్దున్న కంబాలకొండ ఎకో పార్కులో నడక. పాప ముందు "నాకేం భయం లేదు" అని నటించొద్దు, పిల్లలు కనిపెట్టేస్తారు. "అమ్మకి భయమే, అయినా నిలబడింది" అని కనబడితే చాలు. నిద్ర పట్టటం లేదు, ఊపిరి ఆడటం లేదు అనేంత వరకూ వస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మర్రిపాలెం_అమ్మాయి

అందరికీ థాంక్స్ అండీ. టొకే అరుపు విన్నాం, పాప ఇప్పుడు ఇంట్లో అదే అరుస్తోంది, దాని సంగతి తర్వాత చూస్తాను. బల్లి ముందు నిలబడ్డాను, గుమ్మం దాటలేదు కానీ పారిపోలేదు. మా ఆయనకి చెప్పాను, పగటి నడక వస్తాను, రాత్రి నడక మాత్రం ఆ రోజు నా మనసుని బట్టి, బలవంతం చేస్తే ఎయిర్‌పోర్టు కూడా దాటను అని. ఒప్పుకున్నారు. గదిలోకి ఏమొస్తాయో మాత్రం ఎవరూ చెప్పలేదు!

కంబాలకొండ_పిట్టలు

బల్లులు వస్తాయి, అబద్ధం చెప్పను. చీమలు, పురుగులు కూడా. తినేవి డబ్బాలో పెట్టండి, బయట విప్పిన బూట్లు పొద్దున్నే దులిపి తొడుక్కోండి, తేలో జెర్రో దూరి ఉండొచ్చు. కాటేజీల చుట్టూ కోతులు, అడవి పందులు తిరుగుతాయి, వాటి దారిన వాటిని పోనివ్వండి. రాత్రి నడకకి వెళ్లాలనిపిస్తే గైడ్ వెనకే ఉండండి, వరసలో చివర వద్దు, చివరివాళ్లకి వెనక చీకటే ఎక్కువ భయం. టార్చ్‌ని కళ్ల పక్కన పెట్టుకుని నేల మీదకి చూస్తే సాలీళ్ల కళ్లు చుక్కల్లా మెరుస్తాయి, పాపకి నచ్చుతుంది. మీకు నచ్చకపోతే గైడ్‌కి చెప్పి వెనక్కి వచ్చేయండి.