రాయి కలిసిన మట్టికట్ట: సాంద్రత పరీక్షను నమ్మాలా, రోలర్ పాస్‌లను లెక్కపెట్టాలా?

సైట్ ఇంజనీరు, ఆనందపురం
మేము వేస్తున్న రోడ్డు కట్టకు పక్కనున్న కొండను తొలిచిన మట్టినే వాడుతున్నాం. విశాఖ కొండల తీరు అందరికీ తెలిసిందే: పైన ఎర్రమట్టి, దాని కింద వేళ్లతో నలిపితే పొడయ్యే ఖోండలైటు అనే శిథిల శిల, ఇంకా లోపలికి పోతే బ్రేకరు పెడితే గాని లొంగని రాయి. ఈ మూడూ ఒకే టిప్పర్‌లో కలిసి వస్తాయి. నిన్న సాండ్ రీప్లేస్‌మెంట్ పరీక్షలో (తొక్కిన పొరలో చిన్న గుంత తవ్వి, తీసిన మట్టిని తూచి, గుంతను ఇసుకతో నింపి దాని పరిమాణం కొలిచే పద్ధతి) పొడి సాంద్రత, అంటే తేమ బరువు తీసేసిన సాంద్రత, ఘన సెంటీమీటరుకు 2.00 గ్రాములు వచ్చింది. ఈ మట్టిని ల్యాబ్‌లో కొట్టి కుదిస్తే వచ్చిన గరిష్ఠ సాంద్రత 1.95. అంటే 102.6 శాతం, కావలసింది 95 మాత్రమే. అయినా పర్యవేక్షక ఇంజనీరు ఆ పొరకు సంతకం పెట్టనన్నారు. ఇది న్యాయమేనా?

ల్యాబ్ టెక్నీషియన్, మధురవాడ
నూటికి నూట రెండు మార్కులు వచ్చాయంటే ముందు పేపరు దిద్దిన పద్ధతిని అనుమానించాలి గదండీ. ల్యాబ్‌లో మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 ఎనిమిదో భాగం ప్రకారం 4.9 కిలోల సుత్తిని 450 మి.మీ. ఎత్తు నుంచి వదులుతూ, ఒక చిన్న అచ్చులో ఐదు పొరలకూ పొరకు 25 దెబ్బల చొప్పున కొట్టి ఆ 1.95 తేల్చారు. అయితే ఆ అచ్చులోకి వెళ్లింది 19 మి.మీ. జల్లెడ దిగిన మట్టి మాత్రమే. మీ గుంతలో దొరికిన పిడికిలంత రాళ్లు అందులో లేవు. రాయి మట్టికంటే బరువు కాబట్టి, రోలర్ ఏమీ చేయకపోయినా సాంద్రత పెరిగినట్టే కనిపిస్తుంది.

గుంతలో రాళ్ల వాటా బరువులో 30 శాతం, రాయి విశిష్ట సాంద్రత (నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 2.6 అనుకుందాం. అప్పుడు ఆ మిశ్రమానికి సవరించిన గరిష్ఠం 1.95 కాదు, 2.11 అవుతుంది. మీ 2.00ను దాంతో పోల్చితే 94.9 శాతమే. రాళ్లను పక్కనపెట్టి వాటి మధ్య ఉన్న మట్టిని మాత్రమే చూస్తే దాని సాంద్రత 1.82, అంటే 93 శాతం పైచిలుకు. వానాకాలంలో కుంగేది ఆ మట్టే. సంతకం పెట్టకపోవడం సబబే.

కాంట్రాక్టరు, గాజువాక
లెక్క బాగుంది, కానీ ఆ 2.6 ఎక్కడిది? మన ఖోండలైటు సగం కుళ్లిన రాయి. దాని విశిష్ట సాంద్రత 2.4 అని వేసి చూడండి, సవరించిన గరిష్ఠం 2.07కు దిగుతుంది, అదే గుంత 96.8 శాతంతో పాసవుతుంది. కాగితం మీద ఒక అంకె మారితే కట్ట మంచిదో చెడ్డదో మారిపోవడం నాకు వింతగానే ఉంది. పైగా గుంత తవ్వే కుర్రాళ్లను గమనించండి. ఉలికి రాయి తగిలి సగం గోడలో ఇరుక్కుంటే, దాన్ని లాగినప్పుడు అంచు కూలి గుంత పెద్దదవుతుంది. వదిలేస్తే గుంత వంకర. అందుకని చాలామంది రాయి తగలని చోటు వెతుక్కుని తవ్వుతారు. అలాంటి పరీక్షకంటే, మొదట ఒక నమూనా ముక్క వేసి, ఎన్ని పాస్‌లకు (రోలర్ ఒకసారి మీదుగా వెళ్తే ఒక పాస్) పొర కుంగడం ఆగుతుందో ఎత్తులు కొలిచే లెవెల్ మిషన్‌తో చూసుకుని, మిగతా కట్టంతా అదే రోలర్, అదే మందం, అన్నే పాస్‌లు ఇవ్వడం మేలు.

ల్యాబ్ టెక్నీషియన్, మధురవాడ
మీ అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. 2.6 కాదు, 2.4 కాదు, ఆ గుంతలోంచి తీసిన రాళ్లనే నీళ్లలో తూచి అంకె రాయాలి. ఖోండలైటు రోలర్ కింద నలిగి పొడవుతుంది కాబట్టి రాళ్ల వాటాను కూడా కొండ దగ్గర కాకుండా, తొక్కిన పొరలోనే జల్లెడ పట్టి తేల్చాలి. 19 మి.మీ. పైబడిన రాళ్లు 30 శాతం దాటితే అవి ఒకదానికొకటి ఆనుకుని, మధ్య మట్టికి రోలర్ దెబ్బ సరిగా అందదు. అక్కడ నా సవరణ చెల్లదు, మీ నమూనా ముక్కే దిక్కు. అయితే ఆ పద్ధతిలో నాకున్న భయం ఒక్కటే: రాత్రి పూట పాస్‌లు ఎవరు లెక్కపెడతారు?

కాంట్రాక్టరు, గాజువాక
అది మాత్రం నిజమే. డ్రైవరు డ్యూటీ దిగే వేళకు ఎనిమిది పాస్‌లు ఆరవడం నేనూ చూశాను. అందుకే ప్రతి పొరలో కొన్ని బిందువులకు సున్నం గుర్తులు పెట్టి, చివరి పాస్‌కు ముందూ తర్వాతా లెవెల్ తీయిస్తాను. ఇంకా కుంగుతోందంటే తొక్కడం పూర్తి కానట్టే.

సైట్ ఇంజనీరు, ఆనందపురం
ఈ ఉదయం ఆ గుంతలోంచి తీసిన మట్టినీ రాళ్లనూ కలిపి జల్లెడ పట్టించాను. 19 మి.మీ. పైబడినవి 34 శాతం తేలాయి. సంతకం అడగడం మానేసి, రేపు 50 మీటర్ల నమూనా ముక్క వేస్తున్నాం.