అప్‌డేట్: బాపు మోకాలికి నొప్పి జెల్ రాస్తే బొబ్బలు వచ్చాయి, కారణం తెలిసింది

మూడు వారాల కింద ఇక్కడ అడిగాను. పత్తి ఏరి వచ్చాక మా బాపుకు మోకాలు నొప్పి ఉంటే జెల్ రాశాం, తెల్లారేసరికి బొబ్బలు లేచాయి, అలర్జీనా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "జెల్ మీద కాపడం పెట్టారా?" అని అడిగిన అక్క అనుమానమే నిజమైంది.

హన్మకొండలో స్కిన్ డాక్టర్‌కు చూపించాం. అలర్జీ కాదు, చర్మం కాలిందన్నారు. అమ్మ జెల్ రాసి, క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టి, దానిమీద వేడినీళ్ల బ్యాగ్ పెట్టింది. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న జెల్‌పై కట్టూ వద్దు, కాపడమూ వద్దట. అలా చేస్తే మందు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది కూడా.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. గుండె వాల్వ్ మార్చినందుకు బాపు వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతున్నారని నేను మొదట రాయనే లేదు. నా తప్పే. డాక్టర్ ట్యూబ్ వెనక చదివి వెంటనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే) పరీక్ష రాశారు. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాల్సింది 4.6 వచ్చింది! మిథైల్ సాలిసిలేట్ చర్మం గుండా రక్తంలో కలిసి వార్ఫరిన్ పనిని పెంచుతుంది, రక్తస్రావం ముప్పు ఉంటుంది. జెల్‌లోని డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కూడా ఆయనకు మంచిది కాదన్నారు. గుండె డాక్టర్ డోసు సరిచేశాక పోయిన వారం 3.0 వచ్చింది.

అప్పుడు జవాబుల్లో అనుమానించిన ఎక్స్‌పైరీ డేట్, బ్రాండ్, యూరిక్ యాసిడ్, వీటికి సంబంధమే లేదు. ఇప్పుడు జెల్ మానేసి, ఫిజియో నేర్పిన తొడ వ్యాయామాలు చేస్తున్నారు. బొబ్బలు మానాయి, మచ్చ ఉంది. మెట్లు మాత్రం ఇంకా మెల్లగానే ఎక్కుతున్నారు.