గమ్‌బూట్లలో ‘గమ్’ అంటే ఏంటి?

ప్రశ్న: వానలో, బురదలో వేసుకునే ఈ పొడుగు బూట్లకు జిగురుతో అతికిస్తారనా ఆ పేరు? వెల్లింగ్టన్లూ ఇవీ ఒకటేనా?

జవాబు 1: జిగురు కాదండీ. చెట్టు నుంచి కారే పాలతో చేసిన రబ్బరు అని. వెల్లింగ్టన్ బ్రిటన్ మాట. మొదట్లో అవి తోలు బూట్లు, బ్రిటిష్ సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పేరు మీద వచ్చాయి. రబ్బరువి వచ్చాక వాటికీ అదే పేరు అంటుకుంది. న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో గమ్‌బూట్లే. దక్షిణాఫ్రికా గని కార్మికులు వాటిని చరుస్తూ ఆడే నాట్యానికీ ఆ పేరే!

జవాబు 2: మన దగ్గర ఆ పేరుతో అమ్మేవి చాలామటుకు పీవీసీవి, అంటే ఒక రకం ప్లాస్టిక్‌వి. డీజిల్ తగిలే చోటికి సహజ రబ్బరువి వద్దు, ఉబ్బి మెత్తబడతాయి. నైట్రైల్ (నూనెలకు తట్టుకునే కృత్రిమ రబ్బరు) కలిసినవి అడగండి.

జవాబు 3: పురుగుమందు కొట్టేటప్పుడు ప్యాంటు అంచు బూటులోకి దోపొద్దు, పైనే వదలండి. దోపితే కారిన మందు లోపలికి దిగి మేజోళ్లలో నిలుస్తుంది. కడిగాక తలకిందులుగా నీడలో ఆరబెట్టండి. ఎండకైతే చీలమండ మడత దగ్గర పగులుతాయి.